పెరటి చెట్టు, పొరుగు గోడ

నాలుగేండ్ల క్రిందట మా యూరిలో నొక వేపచెట్టును నా మాట మీద నఱికిరి. ఆ చెట్టును గుఱించి నేటికిని నా మనస్సున నొక చింత యున్నది. ఆ చింతయే నాచేత పాత ధర్మశాస్త్రములను తిరుగవేయించినది. పెరటిలో ఎవరు ఏమి నాటవచ్చును, పొరుగువాని గోడకు ఎంత దూరమున నాటవలెను, నాటినదానిని ఎవరు కొట్టవచ్చును అను ప్రశ్నలకు మన పూర్వులును ఇతర దేశములవారును చెప్పిన సమాధానములను మీతో ముచ్చటింపదలచి ఈ పూట మీ ముందునకు వచ్చితిని. మీలో ననేకులు ఊరి తగవులు తీర్చు పెద్దలు. కావున నేను చేసిన పొరపాటును మీకు చెప్పుకొనుటలో నాకు సిగ్గు లేదు.

సంగతి యిది. ఇద్దఱన్నదమ్ములు తండ్రి కట్టిన యిల్లు చెఱిసగము పంచుకొనిరి. పెద్దవానికి తూర్పు వాటా, చిన్నవానికి పడమటి వాటా. నడుమ పెరటిలో తండ్రి నాటిన వేపచెట్టు. పంపకముల కాగితములో ఇల్లు, బావి, పశువుల కొట్టము, గడ్డివామి స్థలము అన్నియు వ్రాసికొనిరి గాని చెట్టు మాట వ్రాసికొనలేదు. కొంతకాలమునకు చిన్నవాడు నడుమ గోడ పెట్టదలచెను. పునాది త్రవ్వగా వేళ్లు అడ్డము వచ్చినవి. చెట్టు నాది, ముట్టుకొనవలదని పెద్దవాడనెను. నీదైనచో దాని యాకులు నా డాబా మీద ఏల రాలవలెనని చిన్నవాడనెను. నన్ను పిలిచిరి. నేను పోయి అరుగు మీద కూర్చుండి, మజ్జిగ త్రాగి, అరగంటలో తీర్పు చెప్పితిని: చెట్టు కొట్టివేసి కలప చెఱిసగము పంచుకొనుడని. చూచినవారందఱును న్యాయముగా నున్నదనిరి. నాకును అట్లే తోచెను. వారి ముసలితల్లి ఆ చెట్టు క్రిందనే నులకమంచము మీద కూర్చుండి వినుచుండెను. ఆమె నెవరును ఏమియు నడుగలేదు. నేను కూడ నడుగలేదు.

తరువాత కొన్ని దినములకు నేను పుస్తకముల పెట్టె తెఱచితిని.

మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయమున హద్దు తగవుల ప్రకరణము కలదు. ఊరికిని ఊరికిని నడుమ ఎల్ల తెలియుటకై మఱ్ఱి, రావి, మోదుగు, బూరుగు, సాలవృక్షము, తాడి, పాలుగారు చెట్లు నాటుమని అందు చెప్పబడినది. రాయి పాతుట సులభము గదా, చెట్టేల యని మీరడుగవచ్చును. స్మృతికర్త కారణము చెప్పలేదు. నా యూహ యేమనగా, రాతిని చీకటి రాత్రి పెకలించి పది బారలు జరుపవచ్చును. నూఱేండ్ల మఱ్ఱిని జరుపుట ఎవరి తరము? అయినను చెట్టు నొక్కదానినే నమ్ముకొనుమని ఆయన చెప్పలేదు. హద్దుల విషయమున జనులు ఎల్లప్పుడును పొరబడుచుందురు గనుక కంటికి కనబడని గుఱుతులను కూడ నేలలో దాచుమనెను. రాళ్లు, ఎముకలు, ఆవు వెండ్రుకలు, ఊక, బూడిద, పెంకులు, ఎండిన పేడ, ఇటుకలు, బొగ్గులు, గులకరాళ్లు, ఇసుక, ఇంకను ఎంత కాలమునకైనను భూమి తినివేయలేని వస్తువులేవియైనను సరే. హద్దురాయి క్రింద పిడికెడు బొగ్గులు పోయు వాడుక తమ చిన్ననాట నుండెడిదని మా తాత చెప్పగా నేను వింటిని. ఆ వాడుక ఎంత పాతదో అప్పుడు నాకు తెలియదు.

ఇక్కడ నొక మాట. మన గ్రామకంఠములలోని యిండ్లకు చిరకాలము సరియైన కొలతల కాగితములు లేకుండెను. పొలములకు సర్వే నంబరులు కలవు. నివాసస్థలములకు నోటిమాటయే హద్దు. 2020లో కేంద్రప్రభుత్వమువారు స్వామిత్వ యను పథకము నారంభించి, ఆకాశమున డ్రోనులను ఎగురవేసి ఇండ్ల హద్దులను కొలిపింప దొడంగిరి. మంచి పనియే. కాని పైనుండి చూచు యంత్రమునకు దట్టమైన చెట్టు కొమ్మలు కనబడును గాని వాని క్రిందనున్న గోడ కనబడదు. అచ్చట మనుష్యుడు నేల మీద నడచి, ఇరుగుపొరుగు వారిని పిలిచి, ఇది యెవరిదని అడుగవలసినదే. మనువు కాలమున సాక్షులను పిలిచిన యట్లే.

మనువు ఊరి బయటి కంచెను గూర్చి చెప్పినది నాకు మిక్కిలి నచ్చినది. ఊరి చుట్టును నూఱు ధనువుల మేర పశువులకు విడువవలెను. ఆ మేరలో ఎవడైనను పైరు పెట్టినచో ఒంటె తొంగి చూడలేనంత యెత్తున కంచె వేయవలెను. కుక్కయు పందియు మూతి పెట్టగల కంతలన్నియు మూయవలెను. కంచె లేని పైరును పశువులు తొక్కినచో పసులకాపరిని దండింపరాదు. మన సీమలో ఒంటె లేదు గాని పంది సమృద్ధిగా కలదు. చూడుడు, ఏ చెట్టుతో కంచె వేయవలెనో యాయన ఇచ్చట చెప్పలేదు. పొరుగువాని పశువు లోపలికి రాకుండవలెను, అంతియే కొలత. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనికడకు వత్తును.

చెట్టును కొట్టినవానికి శిక్షలు యాజ్ఞవల్క్యస్మృతిలో స్పష్టముగా నున్నవి. నఱికినను మరల చిగిర్చు చెట్టు కొమ్మ నఱికిన 20 పణములు, బోదె నఱికిన 40, మొత్తము చెట్టు నఱికిన 80. జనులకు జీవనాధారమైన చెట్లకును ఇదే లెక్క. శ్మశానమందు, హద్దు మీద, పుణ్యస్థలమందు, దేవాలయమందు మొలచిన చెట్టైనచో దానికి రెట్టింపు. పొదలకును తీగలకును సగము. ఈ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమందు విజ్ఞానేశ్వరుడు వ్రాసెను. దానిని పదుమూడవ శతాబ్దమున కేతన మన భాషలో విజ్ఞానేశ్వరీయమను పేర పద్యములుగా రచించెను. ఈ కేతనయే తన దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చినవాడు. న్యాయశాస్త్రము పండితుల యింటనే యుండక తెలుగు చదువగల రైతు అరుగు మీదికి కూడ రావలెనని ఏడువందల యేండ్లకు పూర్వమే ఒక కవికి తోచినదన్న మాట.

హద్దు మీది చెట్టుకు దండన రెట్టింపు ఎందుకు? ఆ చెట్టు కలప మాత్రమే కాదు, సాక్ష్యము కూడ.

ఇక నా తగవునకు సూటిగా తగిలిన వాక్యము కాత్యాయనునిది. రెండు క్షేత్రముల నడుమ హద్దు మీద పుట్టిన చెట్టు యొక్క పండ్లును పువ్వులును ఇరువురు యజమానులకును సమానమని ఆయన చెప్పెను. కలప సమానమని చెప్పలేదు, పండ్లును పువ్వులును అనెను. అనగా చెట్టు నిలిచియుండగా పంచుకొనదగినదానిని పంచిపెట్టెను. నేనో, చెట్టు పడిన తరువాత మిగులుదానిని పంచితిని. ఈ రెండింటికిని గల భేదము అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు తట్టలేదు.

కౌటిల్యుని యర్థశాస్త్రము 1909లో మైసూరున శ్యామశాస్త్రిగారు ముద్రింపించు వఱకు పండితులకు సయితము పేరు మాత్రమే తెలిసిన గ్రంథము. అందు నగరోద్యానములలో పువ్వులు, పండ్లు, నీడ యిచ్చు చెట్ల చిగుళ్లు త్రుంచినవానికి 6 పణములు, చిన్న కొమ్మలకు 12, పెద్ద కొమ్మలకు 24 దండుగ విధింపబడినది. నీడను పండుతోను పువ్వుతోను సమానముగా లెక్కించుట గమనింపదగినది. ఆ గ్రంథమందే ఇండ్ల కట్టడమును గూర్చిన ప్రకరణమొకటి కలదు. మురుగు నీరు పోవు కాలువ పొరుగువాని గోడకు మూడు పాదములో మూరన్నరయో యెడముగా నుండవలెను. తప్పినవానికి 54 పణములు దండుగ. మా యూరిలో ఈ దినమున ఈ నియమమును అమలు జరిపినచో పంచాయతి ఖజానా నెల దిరుగకుండ నిండును.

ఇతర దేశములవారు కూడ ఈ విషయమున నించుమించుగా నిట్లే యాలోచించిరి. క్రీస్తునకు పూర్వము ఆఱవ శతాబ్దారంభమున గ్రీకు దేశపు ఏథెన్సు నగరమున సోలోను అను శాసనకర్త యుండెను. పొరుగువాని చేనికి ఐదడుగుల లోపల ఏ చెట్టును నాటరాదు. అత్తి, ఓలివ చెట్లైనచో తొమ్మిదడుగులు. ఏలయన వాని వేళ్లు దూరము ప్రాకును. గొయ్యి త్రవ్వినచో ఎంత లోతో అంత దూరమున త్రవ్వవలెను. తేనెటీగల పెట్టెలు ఇతరుని పెట్టెలకు 300 అడుగుల యెడమున నుంచవలెను. ఎవడైనను తన నేలలో పది బారలు త్రవ్వినను నీరు పడకున్నచో, పొరుగువాని బావి నుండి దినమునకు రెండు మారులు ఒక కొలత కడవ నింపుకొనుటకు వానికి హక్కు కలదు. ఈ కడపటి నియమమును చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. వాడు సోమరియై యడుగుటకు వీలు లేదు. ముందు పది బారలు త్రవ్వి చూపవలెను. త్రవ్విన తరువాత పొరుగువాడు కాదనుటకును వీలు లేదు.

రోములో క్రీస్తునకు పూర్వము 450 ప్రాంతమున వ్రాయబడిన పండ్రెండు పలకల ధర్మము కలదు. పొరుగు చేనికి నీడ హాని చేయకుండ చెట్టును పదునైదడుగుల యెత్తు వఱకు కొమ్మలు కొట్టవలెను. కాని నీ చెట్టు కాయ పొరుగువాని నేల మీద రాలినచో పోయి యేరుకొనవచ్చును. నీడ కాపురమున్న చలి దేశములలో అపకారి. మనకు ఎండదేశమున అది భాగ్యము. అందుచేతనే వారి శాస్త్రములు నీడను తగ్గింప జూచినవి, మన శాస్త్రములు నీడ కొమ్మను త్రుంచినవానికి దండుగ వేసినవి. ధర్మము ఒక్కటే యైనను సూర్యుడు ఒక్కడు కాడు.

ఫ్రెంచివారి 1804 నాటి పౌరస్మృతి మఱింత క్లుప్తము. ఆ యా ఊళ్ల వాడుక యేమో దానిని బట్టి నడువుడు. వాడుక లేనిచో పెద్ద చెట్లు హద్దుకు రెండు మీటరుల యెడమున, తక్కిన చెట్లును పచ్చి కంచెలును అర మీటరు యెడమున నాటుడు. ఈ స్మృతిని 1819లో ఫ్రెంచివారు తమ హిందూదేశ స్థావరములకు కూడ వర్తింపజేసిరి. గోదావరి యొడ్డున మన యానాము అట్టి స్థావరములలో నొకటి. అచ్చట 1954 వఱకు వారి పాలన సాగెను. ఇంగ్లండులో నియమము వేఱు విధము. పొరుగువాని చెట్టుకొమ్మ నీ నేల మీదికి వ్రాలినచో, నీవు నీ నేలనుండియే, వానికి ముందుగా చెప్పకయే, హద్దు వఱకు కొట్టవచ్చునని 1894లో వారి ప్రభువుల సభ తీర్పు చెప్పెను. కాని ఆ కొమ్మకున్న పండ్లు మాత్రము చెట్టు యజమానివే యని 1919లో మఱియొక న్యాయస్థానము చెప్పినది. కోసి అమ్ముకొన్నవాడు ధర యిచ్చుకొనవలసి వచ్చెను.

మన వాస్తుశాస్త్రమును గూర్చి చెప్పకపోయినచో మీరు నన్ను క్షమింపరు. ఆఱవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇంటిదగ్గఱ ముండ్లచెట్లున్నచో శత్రుభయమనియు, పాలచెట్లున్నచో ధననాశమనియు చెప్పెను. జువ్వి ఉత్తరమున, మఱ్ఱి తూర్పున, మేడి దక్షిణమున, రావి పడమట మంచివనెను. వీని ఫలములను నేను నమ్ముదునా లేదా యన్నది వేఱు ప్రశ్న. నాకు ముఖ్యముగా తోచినది ఆయన చూపిన మార్గము. అట్టి చెడ్డ చెట్టును కొట్టుటకు మనసొప్పనిచో, కొట్టవలదు. దాని నడుమ పొన్న, అశోకము, వేప, పొగడ, పనస, జమ్మి, సాలము వంటి మంచి చెట్లను నాటుమనెను. చెట్టు నఱుకుడని చెప్పవలసి వచ్చిన చోట గూడ మఱియొక చెట్టు నాటు దారి చూపినవాడు ఆయన. వృక్షాయుర్వేదాధ్యాయమున చెట్టుకును చెట్టుకును ఇరువది మూరల యెడము ఉత్తమము, పదునాఱు మధ్యమము, పండ్రెండు అధమమని చెప్పి, దగ్గఱగా నాటిన చెట్లు ఒకదానినొకటి తాకి, వేళ్లు పెనగొని, సరిగా కాపు కాయవని కారణము కూడ వ్రాసెను. ఇది నేటి తోటమాలి యైనను ఒప్పుకొను మాట.

ఇంతవఱకు చెప్పినవి దూరమును గూర్చియు పొరుగును గూర్చియు పుట్టిన నియమములు. వేఱొక తెగ నియమములు కలవు: ఈ మొక్క మంచిది, అందఱును నాటుడు, ఈ మొక్క చెడ్డది, అందఱును పెఱికివేయుడు అనునవి. వీని చరిత్ర చిత్రమైనది.

నాగజెముడు నెఱుగని పెద్దలుండరు. అది మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండమునుండి వచ్చినది. దాని మీద బ్రతుకు పురుగును నలిపిన ఎఱ్ఱని రంగు వచ్చును. ఆ రంగునకు ఐరోపాలో గొప్ప ధర యుండెను గనుక తూర్పు ఇండియా కంపెనీ కాలమున చెన్నపట్టణపు వైద్యుడు జేమ్సు ఆండర్సను అను నాతడు ఈ జాతి మొక్కల కొఱకు సైదాపేటలో ప్రత్యేకముగా తోట వేసెను. 1795లో బ్రెజిలు నుండి పురుగును తెచ్చిరి. కాని అది మంచి రంగు పురుగు కాదు, దాని తమ్ముడు. రంగు రాలేదు గాని అది ఒక జాతి నాగజెముడును తినివేసెను. అది చూచి 1836-38 నడుమ దక్షిణదేశమున ఆ జాతిని చంపుటకు ఆ పురుగునే బుద్ధిపూర్వకముగా వదలిరి. మఱియొక జాతి నాగజెముడు మాత్రము దానికి లొంగలేదు. రైతులు దానిని దొడ్లకు కంచెగా పెట్టిరి. నీరు అక్కఱలేదు, పశువు ముట్టదు, కూలి ఖర్చు లేదు. ఒక మట్ట విఱిచి పాఱవేసిన చోటనే మొలచును. కఱవు కాలములలో ముండ్లు కాల్చి పశువులకు మేపుటకు కూడ పనికివచ్చెను. అంత మంచి కంచె మఱొకటి లేదని పొగడిరి. తరువాత అదే కంచె గట్లు దాటి, పొలములు దాటి, శ్మశానములను వీథులను ఆక్రమించెను. పాములకును చెత్తకును నిలయమాయెను. కడకు 1926లో సింహళము నుండి మఱియొక రంగు పురుగును తెప్పించి వదలగా అది ఆ మొక్కను కొలది యేండ్లలో దక్షిణదేశమున దాదాపు తుడిచిపెట్టెను. ఊళ్ల చుట్టు నల్లబడి క్రుళ్లిన మట్టలు కుప్పలుగా పడెనని మా తాత చెప్పుచుండెడివాడు. ఆయన బాధ వేఱు: ఒక్క వేసవిలో మా దొడ్డికి కంచె పోయెను, పొరుగువాని మేకలు లోపలికి వచ్చెను, ఆ యేట వంకాయ కాపు లేదు.

రెండవది మన కడప సీమ కథ. 1877లో అడవిశాఖ యధికారి బెడ్డోము జమైకా ద్వీపపు విత్తనములు తెప్పించి కమలాపురమున నాటించిన తుమ్మజాతి చెట్టు, మెట్ట నేలలలో వంటచెఱకునకు పనికివచ్చునని. పనికివచ్చెను కూడ. ఈ మాట కాదనుట కృతఘ్నత యగును. ఎన్ని పేద కుటుంబముల పొయ్యిలు దానివలన వెలిగినవో లెక్క లేదు. కాని నేడు చెఱువు కట్టల మీద, కాలువలలో, పాడుపడిన దొడ్లలో దానిని చూడుడు. ప్రజలు దానికి పెట్టిన పేరు సర్కారు తుమ్మ. ఎవరు నాటించిరో ఆ పేరే చెప్పుచున్నది.

మూడవది నిన్న మొన్నటిది. కోనోకార్పసు అను పచ్చని మొక్కను గత పది పదునైదేండ్లలో పట్టణములందును పల్లెలందును రోడ్ల నడుమ, ఇండ్ల ముంగిళ్లలో విరివిగా నాటిరి. త్వరగా పెరుగును, పశువు తినదు, సంవత్సరము పొడవునను పచ్చగా నుండును. నాగజెముడును పొగడిన మాటలే యించుమించుగా! తరువాత దాని పుప్పొడి వలన ఊపిరి బాధలనియు, వేళ్లు గొట్టములలో దూఱుచున్నవనియు ఫిర్యాదులు వచ్చినవి. తెలంగాణము 2022లో నర్సరీలలో దానిని పెంచవలదనెను. గుజరాతు ప్రభుత్వము 2023లో దానిని నిషేధించెను. మా వీథి చివర ఒక యువకుడు వానిని వరుసగా ఆఱు నాటి, ప్రతిదినము కడవలతో నీరు పోసి పెంచెను. ఇప్పుడు పెఱికివేయుమని చెప్పుటకు నాకు నోరు రాలేదు. నాటుమని చెప్పినవారెవరును ఆతనికడకు మరల రాలేదు.

కావున నాకు కలిగిన అభిప్రాయమిది. ఏ మొక్క మంచిదన్న యాజ్ఞలు రెండు మూడు తరములకొకమారు తలక్రిందులగుచున్నవి. పొరుగువానికి ఎంత యెడము, ఎవరి నీరు ఎటు పాఱవలెను, హద్దు మీదిదానిని ఎవరిని అడిగి ముట్టవలెను అను నియమములు మాత్రము ఏథెన్సులోను, రోములోను, మన స్మృతులలోను రెండువేల యేండ్లుగా ఒకే తీరుగా నిలిచినవి. మొక్కను గూర్చి మనకు తెలిసినది తక్కువ. పొరుగువానిని గూర్చి తెలిసినది ఎక్కువ.

ఇప్పటి చట్టము సంగతి కూడ పెద్దలు తెలిసికొనవలెను. నేను నా తీర్పు చెప్పినప్పుడు దీనిని కూడ మఱచితిని. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ శాసనసభ నీరు, భూమి, చెట్ల చట్టమును చేసినది. వాల్టా యని వాడుక. రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రములలోను అది నిలిచియున్నది. దాని ప్రకారము తన సొంత నేలలోని చెట్టునైనను నియమితాధికారి యనుమతి లేనిదే కొట్టరాదు. పంటగా పెంచు కొన్ని జాతులకు మాత్రము మినహాయింపు. కొట్టినవాడు బదులుగా మొక్కలు నాటవలెను. ప్రజలు త్రాగు నీటి వనరునకు 250 మీటరుల లోపల అనుమతి లేక క్రొత్త బావి త్రవ్వరాదు. సోలోను లెక్కకు దూరపు చుట్టము వంటిది ఈ నియమము. తెలంగాణమున 2015లో హరితహారము మొదలైనది; 2018 నాటి పంచాయతిరాజు చట్టమున ఊరూర నర్సరీ యుండవలెననియు, నాటినవానిలో నూటికి 85 మొక్కలు బ్రతికియుండవలెననియు, లేనిచో సర్పంచికిని కార్యదర్శికిని పదవికే ముప్పనియు వ్రాసిరి. మొక్కలను బ్రతికించు బాధ్యతను మనుష్యుని మీద పెట్టుట నాకు నచ్చినది. కాని లెక్క మొక్కలకే యున్నది. ఎవరి గోడకు ఎంత దూరమున నాటిరని అడుగు గడి ఆ రిజిస్టరులో నాకు కనబడలేదు. ఇప్పుడు గోడ ప్రక్కన జానెడు యెడమున నాటిన వేప, రావి మొక్కలు ఇరువదేండ్లకు ఎన్ని తగవులు తెచ్చునో! ఆ తగవులకు మనము గాని మన కొడుకులు గాని అరుగు మీద కూర్చుండవలెను.

మరల ఆ యిద్దఱన్నదమ్ముల మాట. చెట్టు కొట్టిన యేడాది వేసవిలో నేను ఆ దారిని పోవుచుండగా ముసలితల్లి నన్ను పిలిచెను. చిన్నకొడుకు వాకిట గోడ నీడలో, జానెడు వెడల్పు నీడలో, ముడుచుకొని కూర్చుండి యున్నది. అప్పుడు గాని నాకు తెలియలేదు: ఇన్ని యేండ్లుగా ఆమె చెట్టునీడతో పాటు తిరుగుచుండెను. ఉదయము నీడ పడమటికి పడును, మంచము చిన్నకొడుకు వాటాలో. అచ్చటనే చద్ది తినును. ప్రొద్దు తిరిగిన తరువాత నీడ తూర్పునకు పడును, మంచము పెద్దకొడుకు వాటాలో. రాత్రి భోజనము అచ్చట. ఎవరు ఎన్ని పూటలు పెట్టిరని కొడుకులు గాని కోడండ్రు గాని ఎన్నడును లెక్క చూచుకొనలేదు. చెట్టు పోయిన తరువాత నెల వంతులు ఏర్పడినవి. ఈ నెల చిన్నవానిది.

"ఏమి తమ్ముడా, అన్నియు పంచితివి గదా, నీడను ఎవరి వాటాకు వ్రాసితివి?" అని యడిగెను. కోపము లేదు. నిజముగానే తెలిసికొనగోరి యడిగినట్లుండెను. నేను ఏమియు చెప్పలేక కాసేపు నిలువబడి వెళ్లిపోయితిని.

గోడ సగమే లేచినది. ఇటుకల ధర పెరిగినదని చిన్నవాడు ఆపివేసెను. వేప మొద్దు అట్లే నేలలో నున్నది, దానిని పెకలించుటకు కూలి ఎక్కువ అడిగిరట. నిరుటి వానలకు మొద్దు నుండి చిగుళ్లు వచ్చినవి. రెండు మోసులు మనిషి యెత్తు పెరిగినవి, ఒకటి తూర్పు వైపు, ఒకటి పడమటి వైపు. ఈ మాఘమాసమున పెద్దవాడు నాకడకు వచ్చి, ఆ రెండును తమ తమ్ముడు కొట్టివేయునేమో, ఒక మాట చెప్పుమనెను. మఱునాడు చిన్నవాడు వచ్చి అన్నను గూర్చి అదే మాట చెప్పెను. ఇరువురను ఒకనాడు పిలిచి, కాత్యాయనుని వాక్యమును చదివి వినిపించితిని. గోడను ఆ మొద్దు దగ్గఱ రెండు మూరలు విడిచి, ఇరువైపుల నుండి కట్టుకొనుడని చెప్పితిని. మేస్త్రి మాత్రము గోడ నడుమ ఖాళీ విడిచినచో కోళ్లు దూఱునని సణుగుచున్నాడు. అది నిజమే, దానికి నేనింకను ఉపాయము చెప్పలేదు.